సరిహద్దు గ్రామాలలో యువత, మత్తు అలవాట్లు: నాందేడ్ ప్రాంత కుటుంబాలు తెలుసుకోవలసిన వివరాలు

నాందేడ్ జిల్లా తూర్పు అంచున ఉన్న ధర్మాబాద్, బిలోలి, దెగ్లూర్, భోకర్, హిమాయత్‌నగర్, కిన్వట్ తాలూకాలలో తెలుగు మాట్లాడే కుటుంబాలు తరతరాలుగా నివసిస్తున్నాయి. ధర్మాబాద్ దాటితే బాసర, బిలోలి నుండి మంజీర దాటితే బోధన్ దారి, దెగ్లూర్ నుండి మద్నూర్, కిన్వట్ నుండి ఆదిలాబాద్. 1956 వరకు ఇదంతా హైదరాబాద్ రాష్ట్రమే. ఒకే ఆబ్కారీ, ఒకే కచేరీ. ఆ తరువాత రెండు రాష్ట్రాలు, రెండు చట్టాలు ఏర్పడినా పెండ్లి సంబంధాలు, సంతలు, కూలి పనులు మాత్రం పాత దారులలోనే సాగుతున్నాయి. మత్తు పదార్థాలు కూడా అదే దారి పట్టాయి.

యువకుల వ్యసనాల గురించి మాట్లాడేటప్పుడు గంజాయి, సారా పేర్లే ముందుగా వినిపిస్తాయి. అయితే ఈ ప్రాంతంలో పిల్లవాడి నోటికి మొట్టమొదట తగిలే మత్తు చాలా ఇళ్ళలో దసరా నాడో, దేవర నాడో పెద్దలు స్వయంగా పోసిన గ్లాసెడు కల్లు. మరాఠీవారు ఈతకల్లును శిందీ అనీ, తాటికల్లును తాడీ అనీ అంటారు. కల్లు తాగడాన్ని ఊళ్ళలో ఎవరూ తాగుడుగా లెక్కించరు. "మావాడు తాగడు, కల్లే" అనే మాట ఆస్పత్రిలో డాక్టరు ఎదుట కూడా వినిపిస్తుంది. ప్రమాదం మొదలయ్యేది ఆ మాటతోనే కనుక ముందుగా కల్లు సంగతి విపులంగా తెలుసుకోవడం అవసరం.

కల్లులో కలుస్తున్నది ఏమిటి?

చెట్టు నుండి దించిన కల్లు తెల్లవారుజామున తియ్యగా ఉంటుంది. ఎండ ఎక్కినకొద్దీ పులిసి, సాయంత్రానికి పుల్లబడుతుంది. పులిసిన కల్లులో మద్యసారం సుమారు 4, 5 శాతం, అంటే ఇంచుమించు బీరుతో సమానం. ఒక చెట్టు రోజుకు ఇచ్చేది పరిమితం, అదీ కొన్ని నెలలే. చెట్లు తరిగిపోయాయి, గీత వృత్తిలోకి కొత్తవారు రావడం తగ్గింది, గిరాకీ మాత్రం తగ్గలేదు. ఈ లోటును నీటితో, సాకరిన్‌తో, మందులతో పూడ్చడమే కల్తీ.

ఆ మందులలో ముఖ్యమైనవి మూడు. మొదటిది క్లోరల్ హైడ్రేట్, దుకాణాల భాషలో 'సీహెచ్'. ఇది ఒకప్పుడు నిద్రమందుగా వైద్యంలో వాడిన రసాయనం. రెండవది డయాజిపామ్, ప్రజల నోట 'డైజోఫాం'. మూడవది అల్ప్రాజోలం. చివరి రెండూ ఆందోళనకు, నిద్రలేమికి డాక్టరు చీటీపై మాత్రమే ఇవ్వవలసిన మాత్రలు. 1985 నాటి మాదక ద్రవ్యాల చట్టం పరిధిలోకి వచ్చినవి.

అల్ప్రాజోలం లెక్క ఒక్కసారి చూస్తే విషయం బోధపడుతుంది. డాక్టరు సాధారణంగా రాసే మాత్రలో ఉండేది పావు లేదా అర మిల్లీగ్రాము. అర మిల్లీగ్రాము చొప్పున చూస్తే ఒక గ్రాము పొడి 2,000 మాత్రలకు సమానం. అటువంటి పొడిని దుకాణంలో కంటి అంచనాతో, చెంచాతో డ్రమ్ములో వేసి కట్టెతో కలిపితే అది అన్ని సీసాలలో సమానంగా కలిసే అవకాశం లేదు. నిన్న ఏమీ కాని వాడు నేడు అదే సీసాకు స్పృహ తప్పడానికి కారణం ఇదే. పైగా మద్యసారం, ఈ మాత్రలు రెండూ శ్వాసను మందగింపజేసేవే. ఒకదానికొకటి తోడై ఊపిరి ఆగిపోయే స్థితికి తీసుకుపోగలవు. అరవై కిలోల పెద్దవాడు తాగిన గ్లాసే ముప్పై కిలోల పిల్లవాడూ తాగితే శరీర బరువును బట్టి వాడికి అందేది రెట్టింపు మోతాదు.

2025 జూలైలో హైదరాబాద్ కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి పలువురు మరణించారు. అప్పుడు బయటపడింది కూడా అల్ప్రాజోలమే. తెలంగాణలో ఇది కొత్త విషయం కాదు. నిజామాబాద్, మహబూబ్‌నగర్, మెదక్ ప్రాంతాలలో దశాబ్దాలుగా నడుస్తున్న వ్యవహారమే. దాడులు జరుగుతాయి, దుకాణాలు మూతపడతాయి, కొంత కాలానికి తిరిగి తెరుచుకుంటాయి.

కల్తీని రుచితో కచ్చితంగా పట్టుకోవడం సాధ్యం కాదు. చేదును సాకరిన్ కప్పివేస్తుంది. అయితే కొంత ఇంగితంతో అంచనా వేయవచ్చును. పొద్దున, సాయంత్రం ఒకే తీపి ఉన్న కల్లును అనుమానించాలి. చుట్టుపక్కల గీతకు ఉన్న చెట్లు ఎన్ని, దుకాణంలో రోజుకు అమ్ముడయ్యే సీసాలు ఎన్ని అని ఊరివారు లెక్కవేసుకున్నా చాలు. చెట్లు ఎండిన కాలంలోనూ సరుకు తగ్గని దుకాణం గురించి వేరే పరీక్ష అక్కరలేదు.

హఠాత్తుగా మానినప్పుడు

2015 సెప్టెంబరులో తెలంగాణ ఎక్సైజ్ అధికారులు కల్తీ కల్లుపై గట్టిగా దాడులు జరిపారు. మందు కలపడం ఒక్కసారిగా ఆగింది. కొద్ది రోజులలోనే నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాలలో వందల మంది ఆస్పత్రుల పాలయ్యారు. చేతులు వణకడం, మెడ వంకర్లు పోవడం, నాలుక కరుచుకోవడం, అర్థం లేని మాటలు, లేనివి కనబడడం, ఫిట్స్ వంటి లక్షణాలతో వారు వచ్చారు. కొందరు మరణించారు. కల్లు తాగి కాదు, కల్లులోని మందు అందక ఈ స్థితి వచ్చిందన్నది ఊళ్ళలో చాలామందికి అప్పుడే తెలిసింది.

దీని వెనుక ఉన్న శరీర ధర్మం సరళమైనది. రోజూ మత్తుమందు అందుతుంటే మెదడు దానికి ఎదురుగా తన వేగాన్ని పెంచుకొని సమతూకం సాధిస్తుంది. మందు తటాలున ఆగిపోతే ఆ పెరిగిన వేగం అదుపు లేకుండా మిగిలిపోతుంది. వణుకు, చెమట, నిద్ర పట్టకపోవడం, ఫిట్స్ అన్నీ దాని ఫలితాలే. అల్ప్రాజోలం శరీరం నుండి త్వరగా పోయే మందు కనుక ఒకటి రెండు రోజులలోనే లక్షణాలు మొదలవుతాయి. డయాజిపామ్ నెమ్మదిగా పోతుంది. కనుక బాధ కొన్ని రోజుల తరువాత, "ఇక గండం గడిచింది" అని ఇంటివారు అనుకునే వేళకు పైకి రావచ్చును. సారా, విస్కీ వంటివి రోజూ తాగేవారు మానినప్పుడు వణుకు తొలి రోజునే కనిపిస్తుంది. ఫిట్స్ ఎక్కువగా మొదటి రెండు రోజులలో వస్తాయి. అన్నింటికంటే ప్రమాదమైన మతిభ్రమ రెండవ రోజు తరువాత నాలుగవ రోజు లోపు వచ్చే అవకాశం ఉన్నది.

కాబట్టి రోజూ తాగే కొడుకును గదిలో పెట్టి గొళ్ళెం వేయడం, మొక్కు పేరిట ఒక్కనాటితో మాన్పించడం, పసరు మందు పోయడం, అన్నంలో తెలియకుండా మాత్రలు కలిపి పెట్టడం ప్రాణాంతకం కాగలవు. దీక్షలు, మాలలు వేసుకునే కాలంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. మానడం మంచిదే. అయితే రోజూ తాగేవారు మానవలసిన తీరు వేరు. డాక్టర్లు నెమ్మదిగా పనిచేసే అదే జాతి మందును ఇచ్చి, దాని మోతాదును కొన్ని రోజులు లేదా వారాలలో మెట్లు దిగినట్లు తగ్గించుకుంటూ వస్తారు. మద్యానికి అలవాటుపడిన వారికి బీ1 విటమిన్ కూడా ఇస్తారు.

వైద్యుని వద్ద దాచకూడని సంగతి ఒకటే. కల్లు ఎన్నాళ్ళ నుండి, రోజుకు ఎన్ని సీసాలు, చివరి సీసా ఎప్పుడు అన్నది స్పష్టంగా చెప్పాలి. కల్లు అంటే తేలికపాటి మద్యమని భావించే డాక్టరుకు అందులో మాత్రలు కలిసి ఉండవచ్చునన్న అనుమానం తానుగా రాకపోవచ్చును. వీలైతే మిగిలిన సీసాను వెంట తీసుకుపోవడం మేలు.

తాగి లేవలేని స్థితిలో ఉన్నవారిని వెల్లకిలా పడుకోబెట్టరాదు, ఒక ప్రక్కకు తిప్పి పడుకోబెట్టాలి. స్పృహ లేని వారి నోట్లో మజ్జిగ, నిమ్మరసం, చింతపండు పులుసు పోస్తే అది ఊపిరితిత్తులలోకి పోతుంది. బలవంతంగా వాంతి చేయించడమూ తగదు. ఫిట్స్ వచ్చినప్పుడు చేతిలో తాళం చెవులు పెట్టడం వల్ల ప్రయోజనం లేదు. చుట్టూ ఉన్న రాళ్ళు, ఇనుప వస్తువులు తొలగించి, ఫిట్స్ ఆగగానే ప్రక్కకు తిప్పాలి. పళ్ళ మధ్య ఏమీ పెట్టరాదు. 108 అంబులెన్సు రెండు రాష్ట్రాలలోనూ ఉన్నది. సరిహద్దులో ఫోను అవతలి రాష్ట్రపు టవరు పట్టుకుంటే కాల్ అటు పోవచ్చును కనుక రాష్ట్రం, తాలూకా, ఊరు పేరు మొదటనే చెప్పడం మంచిది.

గర్భిణులకు నొప్పులు తగ్గుతాయని కల్లు ఇచ్చే అలవాటు కొన్ని ఇళ్ళలో ఉన్నది. కల్తీ మందు తల్లి ద్వారా గర్భంలోని బిడ్డకూ చేరుతుంది. పుట్టిన తరువాత ఆ శిశువుకు కూడా మందు ఆగిన బాధలు రాగలవు.

లెక్కలలో కనిపించనివి

కేంద్ర ప్రభుత్వం తరఫున ఢిల్లీ ఎయిమ్స్ నిపుణులు జరిపిన దేశవ్యాప్త సర్వే 2019లో వెలువడింది. 10 నుండి 75 ఏళ్ళ వయస్సు వారిలో మద్యం సేవించేవారు 14.6 శాతమనీ, నిద్రమాత్రల వంటివి వైద్యేతరంగా వాడేవారు సుమారు 1.08 శాతమనీ అది తెలిపింది. తాను మాత్రలు మింగుతున్నానని కల్లు తాగేవాడికే తెలియదు కదా. కనుక మన వైపు గ్రామాలకు సంబంధించినంత వరకు ఈ రెండవ అంకెను కొంత జాగ్రత్తగానే చూడవలసి ఉంటుంది.

గుట్కా, ఖర్రా, తంబాకు

పొగాకు విషయంలో ఈ జిల్లాది పూర్తిగా మహారాష్ట్ర తీరే. ఇక్కడ పొగ కంటే నమలడం ఎక్కువ. 2016-17 జాతీయ సర్వే ప్రకారం పెద్దవారిలో ఏదో ఒక రూపంలో పొగాకు వాడేవారు మహారాష్ట్రలో 26.6 శాతం, తెలంగాణలో 17.8 శాతం. 2019లో 13-15 ఏళ్ళ విద్యార్థులపై జరిగిన మరొక సర్వేలో 8.5 శాతం మంది పొగాకు వాడుతున్నట్లు తేలింది. నమిలే పొగాకు వాడుతున్న పిల్లలలో సగానికి పైగా పదేళ్ళ వయస్సు నిండకముందే మొదలుపెట్టినవారు. మూడవ, నాలుగవ తరగతి పిల్లలన్నమాట. హైస్కూలులో ఉపన్యాసాలు ఇచ్చేనాటికి ఆలస్యమై ఉంటుంది.

మహారాష్ట్ర ప్రభుత్వం 2012 జూలైలో గుట్కాను నిషేధించింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2013 జనవరిలో నిషేధం వచ్చింది. ఆహార భద్రతా చట్టం కింద ఏడాదికోసారి కొత్తగా జారీ చేయవలసిన ఉత్తర్వులివి. వ్యాపారులు వెంటనే ఉపాయం కనిపెట్టారు. పాన్ మసాలా ఒక పొట్లం, పొగాకు వేరొక పొట్లం, కలుపుకోవడం కొనేవాడి పని. కిన్వట్, ఆదిలాబాద్ వైపు వక్కముక్కలు, సున్నం, తంబాకు కలిపి రుద్ది ఇచ్చే ఖర్రా పొట్లంపై ఏ కంపెనీ పేరూ ఉండదు, ఏ హెచ్చరికా ఉండదు.

"తంబాకు లేదు, సాదా సుపారీయే" అని పిల్లలు చెబితే తల్లిదండ్రులు ఊరట చెందనవసరం లేదు. పొగాకు కలవని వక్క కూడా మనుషులలో క్యాన్సర్ కలిగించేదేనని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లోనే ప్రకటించింది. వక్క నమలడం వల్ల బుగ్గల లోపలి చర్మం గట్టిపడి నోరు తెరవడం క్రమంగా తగ్గుతుంది. ఇంటివద్ద చేయదగిన పరీక్ష ఒకటున్నది. నోరు పూర్తిగా తెరిచి, తన మూడు వ్రేళ్ళను నిలువుగా పేర్చి ముందరి పళ్ళ మధ్య పెట్టగలగాలి. రెండు వ్రేళ్ళే పడుతున్నా, కారం తగిలితే నోరు మండుతున్నా, తెల్లని చారలు కనిపిస్తున్నా దంతవైద్యునికి చూపించాలి. మానివేస్తే వ్యాధి ముదరడం ఆగవచ్చును. గట్టిపడిన చర్మం మాత్రం పూర్తిగా పూర్వస్థితికి రాదు.

కాల్చిన పొగాకు పొడి మిశ్రీతో పళ్ళు తోముకునే అమ్మమ్మలు, నాయనమ్మలు ఇంకా ఉన్నారు. దాన్ని చూసి చిన్నపిల్లలు నేర్చుకుంటారు. నిజామాబాద్ వైపు బీడీలు చుట్టే ఇళ్ళలో పిల్లలు సాయం చేస్తే చర్మం ద్వారా కూడా నికోటిన్ లోపలికి చేరుతుంది.

గంజాయి, వైట్‌నర్

వైట్‌నర్, పంక్చర్ సొల్యూషన్ గుడ్డలో పోసి పీల్చే అలవాటు పెద్దలకంటే పిల్లలలోనే ఎక్కువని 2019 నాటి సర్వే తెలిపింది. పీల్చిన కొద్ది నిమిషాలలోనే, అదీ తొలిసారే, గుండె ఆగిపోయిన సందర్భాలు వైద్యశాస్త్రంలో నమోదై ఉన్నాయి. బట్టలపై ఘాటైన వాసన, ముక్కు చుట్టూ పుండ్లు గుర్తులు.

గంజాయి విషయంలో రైతు కుటుంబాలకు ఒక హెచ్చరిక చాలు. పత్తి, కంది చేలలో మధ్య సాలుగా నాలుగు మొక్కలు వేయమని విత్తనం ఇచ్చి డబ్బు ఆశ చూపేవారు ఉంటారు. గంజాయి మొక్క పెంచినందుకు పదేళ్ళ వరకు కఠిన కారాగారం, లక్ష రూపాయల వరకు జరిమానా ఉన్నది. పట్టుబడేది చేను దున్నేవాడే గాని విత్తనం ఇచ్చినవాడు కాదు.

రెండు రాష్ట్రాల చట్టం

మహారాష్ట్రలో బీరు, వైన్‌లకు 21 ఏళ్ళు, ఇతర మద్యానికి 25 ఏళ్ళు నిండాలి. తాగడానికి పర్మిట్ కూడా ఉండాలి. తెలంగాణలో 21 ఏళ్ళు నిండితే చాలు. దెగ్లూర్‌లో అమ్మరానిది మద్నూర్‌లో దొరకడానికి ఒక కారణం ఇది. బెల్టు షాపులు వయస్సు అడగకపోవడం అంతకంటే పెద్ద కారణం.

పొగాకు ఉత్పత్తులు 18 ఏళ్ళలోపు వారికి అమ్మడం, విద్యాసంస్థలకు వంద గజాల లోపు అమ్మడం 2003 నాటి చట్టం ప్రకారం దేశమంతటా నిషేధం. అందులోని జరిమానా 200 రూపాయలు మాత్రమే. అందువల్ల పాన్ డబ్బావారు భయపడరు. అయితే 2015 నాటి బాలల న్యాయ చట్టం 77వ సెక్షను గురించి వారికి చెప్పి చూడవచ్చును. వైద్యుని ఆదేశం లేకుండా పిల్లలకు మద్యం, మత్తుమందు, పొగాకు ఏది ఇచ్చినా ఏడేళ్ళ వరకు కఠిన శిక్ష, లక్ష రూపాయల వరకు జరిమానా పడుతుంది. 78వ సెక్షను ప్రకారం వాటిని అమ్మడానికి, చేరవేయడానికి పిల్లలను వాడుకోవడమూ నేరమే. సరిహద్దు దాటి సంచీ తెమ్మని పిల్లవాడిని పంపే వ్యాపారికి ఇది వర్తిస్తుంది. పండుగనాడు గ్లాసు పోసే మేనమామ కూడా ఈ చట్టానికి బయటివాడేమీ కాదు.

కొడుకును ఆస్పత్రికి తీసుకువెళితే పోలీసు కేసు అవుతుందని చాలామంది జంకుతారు. మాదక ద్రవ్యాల చట్టంలోని 64ఎ సెక్షను ఇందుకోసమే ఉన్నది. వాడకం లేదా కొద్ది పరిమాణం నేరం మోపబడిన వ్యసనపరుడు ప్రభుత్వ గుర్తింపు గల చోట స్వచ్ఛందంగా వైద్యం కోరి, దానిని పూర్తి చేస్తే అతనిపై విచారణ నుండి మినహాయింపు లభిస్తుంది. కల్లు, మద్యం, పొగాకు అలవాటుకు వైద్యం పొందడానికి ఏ కేసూ ఉండదు.

ఆడవీ బాటలీ

తెలుగు స్త్రీలు 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట నుండి లేవదీసిన సారా వ్యతిరేక ఉద్యమం ఫలితంగా 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చాయి. రెండవది 1997లో ఎత్తివేయబడింది. మహారాష్ట్రలో చంద్రపూర్ జిల్లాలో 2015లో వచ్చిన నిషేధం కూడా 2021లో తొలగింది. గడ్చిరోలిలో 1993 నుండి అమలులో ఉన్నది. రాష్ట్రస్థాయి నిషేధాలు వస్తూ పోతూ ఉండగా, మహారాష్ట్ర గ్రామాలకు మాత్రం వేరొక సాధనం ఉన్నది. నాందేడ్ జిల్లా తెలుగు గ్రామాలలో దీని గురించి తెలిసినవారు తక్కువ.

2008 నాటి ఉత్తర్వు ప్రకారం గ్రామంలోని మహిళా ఓటర్లలో గాని, మొత్తం ఓటర్లలో గాని 25 శాతం మంది సంతకాలతో కోరితే లైసెన్సు గల మద్యం దుకాణంపై రహస్య ఓటింగు జరుపుతారు. బ్యాలెట్టుపై రెండు బొమ్మలుంటాయి. నిలబడిన సీసా, 'ఉభీ బాటలీ', అంటే దుకాణం ఉండాలి. పడుకున్న సీసా, 'ఆడవీ బాటలీ', అంటే మూయాలి. సగానికి మించిన మద్దతు లభిస్తే దుకాణం మూతపడుతుంది. ఈ ప్రక్రియను నడిపేది రాష్ట్ర ఎక్సైజ్, మరాఠీలో 'రాజ్య ఉత్పాదన్ శుల్క్ విభాగ్'. సంతకాలను ఓటరు జాబితాతో పోల్చి చూస్తారు కనుక జాబితాలో ఉన్న పేరే రాయాలి. కూలికి వలస పోయినవారు ఊళ్ళో ఉండే రోజులలో ఓటింగు పెట్టమని కోరడం మేలు. లైసెన్సు లేని హాత్‌భట్టీ సారాకు ఈ ఓటింగుతో పని లేదు. దానిపై నేరుగా ఫిర్యాదు చేయవలసిందే.

తెలంగాణ వైపు ఇటువంటి ఓటింగు ఏర్పాటు లేదు. అక్కడ మహిళా సంఘాలు గ్రామసభ తీర్మానంతో బెల్టు షాపులకు జరిమానా విధించుకోవడం వంటి ఊరి కట్టుబాట్లే ఆధారం. అవి ఊరి ఐకమత్యం ఉన్నంత కాలం నిలుస్తాయి.

వైద్యం ఎక్కడ?

నాందేడ్ విష్ణుపురిలోని డాక్టర్ శంకర్‌రావ్ చవాన్ ప్రభుత్వ వైద్య కళాశాల ఆస్పత్రి, నిజామాబాద్ ప్రభుత్వ జనరల్ ఆస్పత్రి, ఆదిలాబాద్ రిమ్స్ ఈ ప్రాంతానికి దగ్గరలోని పెద్ద ప్రభుత్వాస్పత్రులు. మానసిక వైద్య విభాగాన్ని అడగాలి. హైదరాబాద్ ఎర్రగడ్డలోని మానసిక ఆరోగ్య సంస్థలో కల్తీ కల్లు రోగులకు చికిత్స చేసిన అనుభవం చాలాకాలంగా ఉన్నది.

ఫోను ద్వారా సలహాకు వ్యసన విముక్తి జాతీయ నంబరు 14446. మానసిక సహాయానికి టెలీ మానస్ 14416, ఇందులో తెలుగు, మరాఠీ రెండూ మాట్లాడేవారు ఉంటారు. పొగాకు మానదలచిన వారికి 1800-11-2356. పిల్లలతో మత్తు వ్యాపారం చేయిస్తున్నట్లు తెలిస్తే 1098. ఈ నాలుగు నంబర్లకు ఛార్జీ పడదు. వ్యసన విముక్తి నంబరుకు ఫోను చేసేటప్పుడు "తాగుడు" అనకుండా "కల్లు, రోజూ, ఇన్ని సీసాలు" అని చెబితే సలహా ఇచ్చేవారు మాత్రల సంగతిని కూడా దృష్టిలో ఉంచుకొని, ఇంటివద్ద మాన్పించవచ్చునా, ఆస్పత్రిలో చేర్చవలసిందేనా అన్నది చెప్పగలుగుతారు.